తేటదనమే స్వచ్ఛత కాదు

గోవాలో జీడిమామిడి పండ్ల రసాన్ని పులియబెట్టి రాగి బట్టీలలో కాచే ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2016లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దానికి వారసత్వ పానీయం హోదా కల్పించింది. హోదాలు దక్కినంత మాత్రాన ప్రతి ఇంటి బట్టీ నుంచి శుద్ధమైన సరుకే వస్తుందని భావించరాదు.

సారా మసకగా దిగడానికి కారణాలు తెలియనివి కావు. మంట ఎక్కువైతే పులిసిన రసం పొంగి ఆవిరితోపాటు గొట్టంలోకి చేరుతుంది. చివరి ధారను వేరు చేయకపోతే అందులోని నూనెలు నీరు కలపగానే తెల్లగా విడివడతాయి. నీలి, ఆకుపచ్చ ఛాయ కనిపిస్తే అది రాగి చిలుము. సన్నని మంట, తుది ధారను పక్కన పెట్టడం, పాత్రను శుభ్రంగా తోమడం వీటికి విరుగుడు. గుడ్డలో వడపోసి అమ్మడం విరుగుడు కాదు. కరిగిన రాగి వడపోతకు లొంగదు.

అయితే అసలు ప్రమాదం కంటికి కనిపించదు. అతుకుల నుంచి కరిగే సీసం గానీ, కల్తీదారులు కలిపే మిథనాల్ గానీ సారాను మసకబార్చవు. 2022లో గుజరాత్‌లోని బోటాద్ ప్రాంతంలో, 2024లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో పదుల సంఖ్యలో పేదల ప్రాణాలు తీసింది మిథనాలే. రెండు చోట్లా అధికారుల సస్పెన్షన్లు చావుల తర్వాతే జరిగాయి.

బట్టీలకు లైసెన్సులిచ్చి రుసుము రాబట్టుకునే ప్రభుత్వాలు సరుకు పరీక్షకు సమీపంలోనే ఏర్పాటు చేయాలి. సీసం అతుకులను నిషేధించాలి. శవపరీక్షకు ముందే సారా పరీక్ష జరగడం పాలకుల కనీస బాధ్యత.