మాత్ర ఒకరికి, దోమతెర ఇంటికి

ఆఫ్రికాకు వెళ్ళే ఆరోగ్య సాయానికి కోత పడినప్పటి నుంచి ఒక వాదన బలంగా వినిపిస్తోంది. డబ్బు తగ్గింది కాబట్టి హెచ్‌ఐవీ నిధులు వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మాత్రలకే ఖర్చు కావాలట. దోమతెరల సంగతి మలేరియా విభాగం చూసుకుంటుందట. పొదుపులా కనిపించే ఈ వాదన తప్పు. ఉగాండా, కెన్యా, మలావీ లాంటి దేశాల్లో హెచ్‌ఐవీ సోకిన మనిషి ఉన్న ప్రతి ఇంటికీ, ఆ ఇంట్లో ఎన్ని చోట్ల పడకలు వేస్తారో అన్నిటికీ సరిపడా దోమతెరలు ఏఆర్‌టీ కేంద్రం నుంచే అందాలి. ఆ ఖర్చు హెచ్‌ఐవీ చికిత్స పద్దులోనే ఉండాలి.

ఇందుకు కొత్త పరిశోధన ఏమీ అక్కర్లేదు. తూర్పు ఉగాండాలోని టొరోరో ప్రాంతంలో జొనాథన్ మెర్మిన్ బృందం హెచ్‌ఐవీ ఉన్న పెద్దవాళ్ళను గమనించి, 2006లో లాన్సెట్ వైద్య పత్రికలో లెక్కలు ప్రకటించింది. ఏ మందూ వాడనప్పుడు వంద మందికి ఏడాదిలో 50.8 సార్లు మలేరియా వచ్చింది. మన దగ్గర సెప్ట్రాన్‌గా తెలిసిన కోట్రిమాక్సజోల్ మాత్ర రోజూ వేసుకున్నాక అది 9.0కి తగ్గింది. ఏఆర్‌టీ కూడా తోడయ్యాక 3.5. ఆ రెండింటికీ మందు పట్టించిన దోమతెర చేరాక 2.1. యాభై నుంచి రెండుకు! ఈ అంకె అచ్చయి దాదాపు రెండు దశాబ్దాలైంది. సాయం కోతల మీద ఇప్పుడు జరుగుతున్న చర్చలో దాని ప్రస్తావన అరుదు.

ప్రస్తావించే కొద్దిమందీ దాన్ని తలకిందులుగా చదువుతున్నారు. మాత్రలతోనే 3.5కు దిగింది కదా, దోమతెర తగ్గించింది 1.4 మాత్రమే కదా అంటున్నారు. మూడున్నరలో 1.4 అంటే నలభై శాతం. అదే చిన్న విషయం కాదు. అసలు పొరపాటు వేరే ఉంది. 50.8, 9.0, 3.5, 2.1 అన్నవి మాత్రలు మింగే మనిషి అంకెలు. ఆ మనిషి ఒక తల్లి అనుకుందాం. ఆమె పక్కనే చాప మీద పడుకునే ఎనిమిదేళ్ళ కొడుక్కి హెచ్‌ఐవీ లేదు. అతనికి రోజూ సెప్ట్రాన్ ఎవరూ ఇవ్వరు, ఏఆర్‌టీ అవసరమే లేదు. తల్లిని కాపాడిన మూడు మెట్లలో మొదటివి రెండూ ఆ పిల్లవాడికి లేవు. ఉన్నది చివరి మెట్టు ఒక్కటే. తల్లి లెక్కలో 1.4గా కనిపించే తెర, కొడుక్కి రాత్రిపూట ఉన్న మొత్తం రక్షణ. రోగి అంకెలు చూసి ఇంటికి తెర అక్కర్లేదని తీర్మానించేవాళ్ళు ఆ ఇంట్లో మిగతావాళ్ళను లెక్కలోంచే తీసేస్తున్నారు.

హెచ్‌ఐవీ ఇంటి మనుషులందరినీ కట్టి ఉంచే వ్యాధి అని చెప్పినవి కూడా ఉగాండా పరిశోధనలే. ఇంట్లో హెచ్‌ఐవీ ఉన్న వ్యక్తి సెప్ట్రాన్ వాడినప్పుడు, హెచ్‌ఐవీ లేని కుటుంబ సభ్యుల్లో మరణాలు 63 శాతం తక్కువగా ఉన్నట్టు మెర్మిన్ బృందమే 2005లో చూపింది. పెద్దవాళ్ళకు ఏఆర్‌టీ అందినప్పుడు, హెచ్‌ఐవీ లేని వాళ్ళ పిల్లల్లో మరణాలు 81 శాతం తగ్గాయని 2008లో వెల్లడించింది. తల్లి లేచి తిరిగితేనే పిల్లలు బతుకుతారు. పిల్లవాడు జ్వరంతో మూలుగుతుంటే తల్లి మందుల తేదీ తప్పుతుంది, పొలం పని ఆగుతుంది, ఉన్న కాసిని డబ్బులూ ఆస్పత్రికి పోతాయి. ఏఆర్‌టీ కేంద్రం రిజిస్టరులో మాత్రం ఆ ఇల్లు ఒక్క పేరు, ఒక్క నంబరు.

ప్రభుత్వాలు ఇంటింటికీ తెరలు పంచుతున్నాయి కదా, మళ్ళీ క్లినిక్‌లో ఎందుకన్నది రెండో వాదన. ఉగాండాలో 2013-14 నుంచి దేశమంతటా విడతలవారీ పంపిణీ జరుగుతోంది. అది గొప్ప పని, ఎన్నో ప్రాణాలు కాపాడింది. కానీ ఒక విడతకూ మరో విడతకూ మధ్య దాదాపు మూడేళ్ళు గడుస్తాయి. సుమారు ఇద్దరికి ఒకటి చొప్పున, పేర్లు రాసుకున్న రోజున ఇంట్లో ఉన్నవాళ్ళను బట్టి ఇస్తారు. హెచ్‌ఐవీ తాకిన ఇంట్లో ఆ తలల లెక్క నిలవదు. చనిపోయిన చెల్లెలి పిల్లలు వచ్చి చేరతారు. జబ్బుపడిన కొడుకును చూసుకోవడానికి ముసలి తల్లి ఊరి నుంచి వస్తుంది. వాళ్ళు వచ్చేనాటికి పంపిణీ అయిపోయి ఉంటుంది. ఉన్న తెర పెద్దవాళ్ళ మంచానికీ చంటిబిడ్డకూ పోతుంది. బడి వయసు పిల్లలు తెర లేకుండా నేల మీద పడుకుంటారు. ఆఫ్రికాలో దోమతెర అతి తక్కువగా అందుతున్నది ఆ వయసు పిల్లలకేనని సర్వేలు ఎప్పటి నుంచో చెబుతున్నాయి. ఆపైన తెరలు చిరుగుతాయి. వంటపొయ్యి నిప్పురవ్వకు, మంచం మేకుకు చిక్కి చిరిగిన తెర కోసం మూడేళ్ళు ఆగమనడం ఏం న్యాయం?

ఏఆర్‌టీ తీసుకునే మనిషి మాత్రం కొన్ని నెలలకోసారి కేంద్రానికి వస్తూనే ఉంటుంది. ఆ ఇంటిని అంత క్రమంగా కలిసే ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థలు అరుదు. అక్కడ ఒక్క ప్రశ్న అడిగితే చాలు: నిన్న రాత్రి మీ ఇంట్లో ఎవరెవరు తెరలో పడుకున్నారు? జాతీయ సర్వేల్లో ఎప్పటి నుంచో అడుగుతున్న ప్రశ్నే ఇది. జవాబును కార్డులో రాసి, తక్కువ పడిన తెరలు ఆ రోజే చేతికివ్వాలి. తెర ఇవ్వడం వేరు, తెరలో పడుకోవడం వేరు అన్నది పాడేరు ఏజెన్సీలో పనిచేసిన ఆరోగ్య కార్యకర్త ఎవరైనా చెబుతారు. (మన దగ్గర హెచ్‌ఐవీ భారం ఎక్కువగా కోస్తాలో, మలేరియా భారం ఏజెన్సీలో ఉంది. రెండూ ఒకే గుడిసెలో కలిసే ఉగాండా పరిస్థితి ఇక్కడ అరుదు. ఈ విధానాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెమ్మని నేను అనడం లేదు.)

హెచ్‌ఐవీ ఉన్న గర్భిణుల పరిస్థితి మరీ ఇరుకు. మలేరియా రాకుండా మిగతా గర్భిణులకు ఇచ్చే సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్‌ను సెప్ట్రాన్ వాడేవాళ్ళకు ఇవ్వకూడదు; రెండూ సల్ఫా మందులే, కలిస్తే ప్రమాదం. హెచ్‌ఐవీ వల్ల, తొలి కాన్పుల తర్వాత సహజంగా వచ్చే మలేరియా నిరోధం కూడా దెబ్బతింటుంది. ముప్పు ఎక్కువ, మందుల దారి తక్కువ. అలాంటి మనిషికి దోమతెర వేరే శాఖ బాధ్యత అని చెప్పడం క్రూరం.

అభ్యంతరాలు లేకపోలేదు. టొరోరో అధ్యయనంలో మనుషులను చీటీ తీసి వర్గాలుగా విడగొట్టలేదు, చికిత్సలను ఒకదాని తర్వాత ఒకటి చేర్చుకుంటూ పోయారు. కాబట్టి ఆఖరి తగ్గుదలలో తెర వాటా ఎంతో కచ్చితంగా విడదీయలేం. ఒప్పుకుంటాను. హెచ్‌ఐవీ ఇళ్ళకే తెరలిస్తే ఆ తెర ఇంటి గుమ్మానికి వేలాడే గుర్తు అవుతుందన్న భయమూ నిజమే. దానికి జవాబు అందరికీ ఇచ్చే తెరనే ఇవ్వడం. 2008లో పశ్చిమ కెన్యాలోని కకమెగా ప్రాంతంలో దోమతెర, నీటి ఫిల్టరు, కండోములు, హెచ్‌ఐవీ పరీక్ష అన్నీ ఒకేచోట అందిస్తే, ఏడు రోజుల్లో దాదాపు 47 వేల మంది వచ్చారు. తెర వెలివేతకు కారణం కాలేదు, పరీక్షకు మనుషులను రప్పించింది.

ఇక డబ్బు. ఒక మనిషికి ఏడాదికి సరిపడా ప్రధాన ఏఆర్‌టీ మందును 45 డాలర్ల లోపే కొనగలమని అంతర్జాతీయ నిధి సంస్థ గ్లోబల్ ఫండ్ 2023లో ప్రకటించింది. మందు పట్టించిన దోమతెర కొనుగోలు ధర రెండు మూడు డాలర్లు. ఇంటికి నాలుగు తెరలిచ్చి మూడేళ్ళు వాడినా 12 డాలర్లు. అదే మూడేళ్ళ మాత్రల ఖర్చు 135 డాలర్ల దాకా. పదో వంతు కూడా కాదు. తెరలను మోసుకెళ్ళడానికి వేరే ప్రచారమూ అక్కర్లేదు, మనిషి ఎలాగూ కేంద్రానికి వస్తోంది. ఈ పదో వంతును కోసి మిగిల్చామనుకునే డబ్బు, మలేరియాతో వార్డులో చేరిన పిల్లల దగ్గర తిరిగి ఖర్చవుతుంది.

విధానకర్తలకు ఇదంతా తెలియక కాదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ తప్పనిసరి సంరక్షణ జాబితాలో మలేరియా నివారణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లోనే చేర్చింది. మలేరియా ఉన్న చోట్ల సెప్ట్రాన్ ఆపవద్దని 2014లో చెప్పింది. ఉగాండాలో హెచ్‌ఐవీ బాధితులకిచ్చిన ప్రాథమిక సంరక్షణ కిట్‌లో దోమతెరలు ఉండేవి. 2002లో పుట్టిన గ్లోబల్ ఫండ్ ఎయిడ్స్, క్షయ, మలేరియా మూడింటికీ కలిపి పెట్టిన సంస్థ. అయినా మలేరియా గ్రాంటు మలేరియాకే, హెచ్‌ఐవీ గ్రాంటు హెచ్‌ఐవీకే. 2025 జనవరిలో అమెరికా సాయం నిలిపేసి, ఆ తర్వాత ప్రాణాధార సేవలకు మినహాయింపులు ఇస్తున్నప్పుడు కూడా చర్చంతా ఏ పద్దులో ఏది ఉందన్న దాని మీదే నడిచింది. దోమకు పద్దులు తెలియవు.

50.8 నుంచి 2.1కి దిగిన దారిలో మాత్రలను ఉంచుకుని తెరను వదిలేస్తామనేవాళ్ళు ఆ మాట దాచకుండా చెప్పాలి. మాత్ర వేసుకునే తల్లి బతకాలి, ఆమె పక్కన పడుకున్న పిల్లవాడి పూచీ మాది కాదు అని గ్రాంటు పత్రంలో రాసి సంతకం పెట్టాలి. అలా రాయలేకపోతే, వచ్చే ఏడాది హెచ్‌ఐవీ బడ్జెట్‌లో ఇంటికి సరిపడా దోమతెరల పద్దు రాయాలి.