మెట్ట పల్లెల్లో పెరటి కోళ్లకు ఊపిరి గండం
ఎండదెబ్బ మాటున రోగాలు.. మందులకే పరిమితమవుతున్న పెంపకందారులు

ఉదయగిరి, ఆత్మకూరు: ఏప్రిల్ వచ్చిందంటే జిల్లా పశ్చిమ మెట్ట మండలాల్లో పెరటి కోళ్ల పెంపకందారులకు కంటిమీద కునుకు ఉండదు. పొద్దున గంప ఎత్తేసరికి కోడి నోరు తెరిచి ఎగపోస్తుంటుంది. మధ్యాహ్నానికి రెక్కలు వాల్చేస్తుంది. ఎండ ఎక్కువైందిలే అని సరిపెట్టుకున్న ఇంట్లో మూడు, నాలుగు రోజులకే గూడు ఖాళీ అవుతుంది. నిజంగా ఎండదెబ్బ తగిలిన కోడి, రోగం సోకిన కోడి చూపులకు ఒకే తీరుగా కనిపించడమే ఇక్కడ అసలు చిక్కు.

ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు, మర్రిపాడు మండలాల్లో వర్షాధార సేద్యంపై బతికే కుటుంబాలకు పెరట్లోని పది కోళ్లు కూర కోసమే కాదు. బడి పుస్తకాలకో, ఆసుపత్రి ఖర్చుకో అవసరం వచ్చిన రోజున అమ్ముకునే చేతి డబ్బు అది. ఆ డబ్బు ఎక్కువగా ఇంటి ఆడవారిదే. పాడిగేదె జబ్బు పడితే కాంపౌండర్ కోసం పరుగెత్తే ఇంటి యజమాని కోడి విషయంలో అంత కదలకపోవడానికి ఇదీ ఒక కారణమే. 2019 నాటి పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్ల సంఖ్య సుమారు 31.7 కోట్లు. అంతకుముందు గణనతో పోల్చితే ఇది దాదాపు 46 శాతం పెరుగుదల. సంఖ్య పెరిగినంతగా వాటి వైద్యం పెరిగిందని చెప్పడం కష్టం.

ఎండా? రోగమా?

కోడికి చెమట గ్రంథులు లేవు. సహజంగానే 41 నుంచి 42 డిగ్రీల వేడితో ఉండే దేహం అది. బయటి వేడి 40 డిగ్రీలు దాటినప్పుడు నోరు తెరిచి ఎగపోయడం ద్వారా నీటిని ఆవిరి చేసి ఒళ్లు చల్లబరచుకోవడం తప్ప దానికి మరో దారి లేదు. ఇలా గంటల తరబడి ఎగపోస్తే రక్తంలోని బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది, పెట్టల గుడ్డు పెంకు పలుచబడుతుంది. అంతకన్నా ముఖ్యం, గొంతులోని తడి పొర ఎండిపోయి ధూళిని, సూక్ష్మక్రిములను ఆపే శక్తిని కోల్పోతుంది. రాత్రిపూట గాలి ఆడని గూట్లో రెట్ట నుంచి లేచే ఘాటు దీనికి తోడవుతుంది. ఎండ స్వయంగా రోగం తేదు, తలుపు మాత్రం తీసిపెడుతుంది.

తేడా తెలుసుకోవడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. ఎండకు ఎగపోసే కోడి నీడకు చేర్చి చల్లని నీళ్లు పెడితే పొద్దువాలేసరికి తేరుకుంటుంది. దాని ఊపిరిలో శబ్దం ఉండదు. రాత్రి చల్లబడ్డాక గూటి దగ్గర చెవి పెట్టి వినాలి. గురగుర, తుమ్ములు, ఈలవంటి శబ్దం వినిపిస్తే అది ఎండ కాదు. ముక్కు వెంట నీరు, కంటిలో నురగ, ముఖం వాపు కనిపిస్తే అనుమానమే అక్కరలేదు.

అప్పుడైనా రోగం ఒకటే కాదు. నెమ్మదిగా వారాల తరబడి గురకపెట్టి, మేత తగ్గి, చిక్కిపోతే అది మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి తెచ్చే దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి కావచ్చు. ముఖం ఉబ్బి, ముక్కు నుంచి దుర్వాసనతో చీమిడి కారితే కొరైజా. ఇక ఒక్కసారిగా మందంతా ముడుచుకొని, ఆకుపచ్చగా పారుకొని, మెడ వంకర తిరిగి, కాళ్లు, రెక్కలు చచ్చుబడితే పల్లెల్లో అందరికీ తెలిసిన కొక్కెర వ్యాధే. శాస్త్రవేత్తలు దీన్ని రాణీఖేత్ అంటారు. ఉత్తరాఖండ్ కొండల్లోని ఆ ఊరి పరిసరాల్లో 1920వ దశకం చివర గుర్తించినందున ఆ పేరు నిలిచిపోయింది. టీకా వేయని మందలో తీవ్ర రకం ప్రవేశిస్తే నూటికి తొంభై పైగా కోళ్లు దక్కకపోవచ్చు.

మందు ఎక్కడ పనిచేస్తుంది

కొక్కెర వైరస్ వల్ల వచ్చేది. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. అయినా జబ్బు కనిపించగానే మనుషుల మందుల దుకాణానికి వెళ్లి రెండు క్యాప్సూళ్లు తెచ్చి, విప్పి, నీళ్లలో కలిపి పోయడం ఇక్కడ ఆనవాయితీ. మైకోప్లాస్మా రోగంలోనూ ఈ వైద్యం తరచూ దండగే. ఆ క్రిమికి కణకుడ్యం ఉండదు కనుక పెన్సిలిన్, అమాక్సిసిలిన్ తరహా మందులు దాన్ని తాకలేవు. టైలోసిన్, డాక్సీసైక్లిన్ వంటివి పనిచేస్తాయి, అవీ పశువైద్యుడు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు ఇస్తేనే. తగ్గినట్టు కనిపించినా క్రిమి ఒంట్లోనే దాగి ఉంటుంది. అలా కోలుకున్న పెట్ట గుడ్లను పొదిగిస్తే పుట్టే పిల్లకూ రోగం సంక్రమిస్తుందని చాలామందికి తెలియదు.

వేసవిలో నీటి ద్వారా మందు ఇవ్వడంలో మరో తిరకాసు ఉంది. ఎండలో ఆరోగ్యంగా ఉన్న కోడి మామూలు కంటే రెట్టింపు వరకూ నీళ్లు తాగుతుంది. మందు దానికి ఎక్కువవుతుంది. జబ్బుపడిన కోడి పాత్ర వద్దకే రాదు, దానికి అందేది శూన్యం. పైగా మెట్ట మండలాల బోరునీళ్ల సంగతి విదితమే. ఫ్లోరైడ్‌తో దశాబ్దాలుగా సతమతమవుతున్న ప్రాంతమిది. నీటిలో సున్నపు లవణాలు ఎక్కువగా ఉంటే టెట్రాసైక్లిన్ జాతి మందులు వాటికి అంటుకుపోయి పేగులో ఇంకవు. మందు పోసిన పాత్ర ఎండలో ఉంటే ఉన్న బలమూ పోతుంది. జబ్బు కోడిని విడిగా ఉంచి, వానాకాలంలో పట్టిన నీళ్లో, శుద్ధిచేసిన తాగునీళ్లో వాడి, పొద్దున్నే నోట్లో చుక్కలుగా పోయడం మేలు. మందు వాడినన్నాళ్లు, ఆపాక వైద్యుడు చెప్పిన గడువు తీరేదాకా ఆ గుడ్లు, మాంసం తినకూడదు. మనుషులకు చివరి ఆయుధంగా మిగిలిన కొలిస్టిన్‌ను ఆహార జంతువులకు వాడకుండా కేంద్రం 2019 జూలైలో నిషేధించిన సంగతి గమనార్హం.

పసుపు, వెల్లుల్లి, మజ్జిగ వంటి ఇంటి వైద్యాన్ని తీసిపారేయనక్కరలేదు. మజ్జిగ ఎండలో ఒంటికి నీరు పడుతుంది. కొక్కెరను మాత్రం ఆపలేదు.

టీకా ఉంది.. చేరే దారి లేదు

కొక్కెరకు ఉన్న ఏకైక రక్ష టీకా. పిల్లకు వారం లోపు లసోటా లేదా ఎఫ్ రకం చుక్క కంట్లోనో ముక్కులోనో వేయాలి. నాలుగో వారంలో మరోసారి. రెండు నెలలు నిండే వేళ ఆర్‌టూబీ టీకా చర్మం కింద ఇస్తారు. ఇదంతా దశాబ్దాలుగా ఉన్నదే. అడ్డం పడుతున్నది సీసా. సాధారణంగా వంద, అంతకుమించిన మోతాదుల సీసాలుగా వస్తుంది. ఒకసారి కలిపితే రెండు గంటల్లో వాడేయాలి. అప్పటిదాకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం తప్పదు. పది కోళ్లున్న ఇల్లాలు ఐసు పెట్టెతో మే నెల ఎండలో పట్టణం నుంచి పల్లెకు చేరేసరికి అందులో ఉన్నది టీకానో వట్టి నీళ్లో చెప్పలేం. 2019 సెప్టెంబరులో ఆరంభమైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం గాలికుంటుకు, బ్రూసెల్లోసిస్‌కు ఇంటింటికీ టీకా చేర్చే బాధ్యత తీసుకుంది. అందులో కోడి లేదు.

ఆఫ్రికాలోని మొజాంబిక్, టాంజానియా పల్లెలు ఈ చిక్కును మరోవిధంగా పరిష్కరించుకున్నాయి. ఆస్ట్రేలియాలో రూపొందిన ఐ-2 అనే, కొంత వేడిని తట్టుకునే టీకాను గ్రామస్థులే తర్ఫీదు పొంది, నెలల వ్యవధిలో ఒక రోజు నిర్ణయించుకొని, ఊరి కోళ్లన్నింటికీ కంట్లో చుక్కగా వేస్తున్నారు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో కొత్త టీకా వచ్చేదాకా ఆగనక్కరలేదు. పొదుపు సంఘంలోని పది ఇళ్ల కోళ్లు కలిస్తే వంద అవుతాయి, సీసా ఒక్కటి సరిపోతుంది. కావలసినదల్లా ఒక తేదీ, ఒక ఐసు పెట్టె, పశువైద్యశాల సిబ్బంది ఒకరు.

జబ్బు కనిపించగానే మిగిలిన కోళ్లను వారపు సంతలో తెగనమ్మడం, చచ్చినవాటిని ఊరి బయట గుంతలో పారేయడం రోగాన్ని పక్క ఊరికి మోసుకెళ్లే పనులు. తిరునాళ్ల కాలంలో కోళ్లు చేతులు మారే వేగం దీనికి తోడు. ఇంకో ప్రమాదమూ ఉంది. 2024 ఫిబ్రవరిలో ఇదే జిల్లాలో పొదలకూరు మండలం చాటగొట్ల, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో కోళ్లు కుప్పలుగా చనిపోగా భోపాల్ ప్రయోగశాల బర్డ్‌ఫ్లూ అని తేల్చింది. కొక్కెరను, బర్డ్‌ఫ్లూను కంటితో వేరుచేయడం పశువైద్యుడికే కష్టం. ఒకటి రెండు రోజుల్లో మందలో ఎక్కువ కోళ్లు చనిపోయినా, తురాయి నీలంగా మారినా వాటిని కోయకుండా, తాకకుండా 1962 నంబరుకో, దగ్గరి పశువైద్యశాలకో చెప్పాలి. కళేబరాలను లోతుగా గుంత తీసి సున్నం చల్లి పూడ్చాలి.

ఈ వేసవికి టీకా సమయం మించిపోయిందని అనుకోనక్కరలేదు. జబ్బు లేని కోళ్లకు ఇప్పటికీ వేయించవచ్చు, కాకపోతే తెల్లవారుజామునే, ఎండ ఎక్కకముందే. జబ్బు సోకిన మందకు వేస్తే మరణాలు పెరగవచ్చు. ఈలోగా రేకుల కప్పుపై తాటాకు పరిచి, పక్కలకు తడి గోనెపట్టాలు కట్టి, గంపకు బదులు గాలి ఆడే గూడు అమర్చి, మట్టి పాత్రలో నీళ్లను పూటకు రెండుసార్లు మార్చాలి. మేత పొద్దున, సాయంత్రం వేళల్లోనే వేయాలి, మధ్యాహ్నం వేస్తే అరుగుదల వేడి కూడా తోడవుతుంది.