బుద్ధిపూర్వకమా, భయపూర్వకమా?

ఇంగ్లీషులోని 'డెలిబరేట్లీ' అనే క్రియావిశేషణం లాటిను తక్కెడ నుండి పుట్టినది. తూచి, ఆలోచించి చేసినదని అర్థం. పార్లమెంటు చర్చను సూచించే మాటకూ అదే ధాతువు. అక్కడ తూనిక ఏపాటిదో గ్యాలరీలో కూర్చునేవారికి తెలియనిది కాదు. తెలుగులో బుద్ధిపూర్వకంగా అంటాము, వాడుకలో 'కావాలని'. గోదావరికి ఆవల, బస్తరులో, పాతిక ప్రాణాల లెక్క ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతున్నది.

2012 జూన్ 28 రాత్రి బీజాపూర్ జిల్లా సార్కేగూడలో భద్రతా దళాల కాల్పులకు 17 మంది బలి అయ్యారు. మావోయిస్టులతో ఎదురుకాల్పులని నాటి ప్రకటన. జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ ఆ వాదాన్ని అంగీకరించలేదు. మృతులు నక్సలైట్లని సాక్ష్యం లేదనీ, గ్రామస్థులు కాల్పులు జరపలేదనీ, దళాలు భయాందోళనతో తుపాకులు పేల్చి ఉండవచ్చుననీ తేల్చింది. 2019 డిసెంబరులో నివేదిక ఛత్తీస్‌గఢ్ శాసనసభ ముందుకు వచ్చింది. 2013 మే 17న ఎడెస్‌మెట్టలో విత్తనాల పండుగకు గుమిగూడిన 8 మంది గ్రామస్థుల మృతిపైనా అదే న్యాయమూర్తి 'పొరపాటు' అన్నారు. ఆ నివేదిక 2022 మార్చిలో సభకు సమర్పింపబడింది.

భయపడి కాల్చినది కావాలని కాల్చినది కాదు గనుక నేరం లేదని పలికేవారు ఢిల్లీలో కొదువ లేరు. చట్టం అలా చెప్పదు. భారత శిక్షాస్మృతి 39వ సెక్షన్‌లోని 'వాలంటరిలీ' అన్న మాటకు ఉద్దేశం ఒక్కటే కొలబద్ద కాదు. ఫలితం సంభవించగలదని తెలిసినా, అలా నమ్మడానికి తగిన కారణమున్నా చాలును. చంపే ఉద్దేశం లేకున్నా, మరణం కలుగవచ్చునని తెలిసి చేసిన పనికి 304వ సెక్షన్ రెండవ భాగం పదేళ్ల వరకు శిక్ష విధిస్తుంది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన న్యాయ సంహితా ఈ నిర్వచనాన్ని విడిచిపెట్టలేదు. చీకటిలో గుంపుపైకి తుపాకి పేల్చిన వానికి ఏమవుతుందో తెలియదా? ఆత్మరక్షణ వాదం ఉండవచ్చును. దానిని పరీక్షించవలసినది న్యాయస్థానం. కమిషన్ శిక్షించలేదు, విముక్తీ ప్రసాదించలేదు.

సార్కేగూడ నివేదికలో మరొక అంశం ఉన్నది. మృతులలో ఒకరు, రాత్రి కాల్పులు ముగిసిన చాలాసేపటికి, ఉదయం చంపబడినట్లు కమిషన్ గుర్తించింది. కొందరి దేహాలపై కొట్టిన దెబ్బలున్నవి. రాత్రి పుట్టిన భయం తెల్లవారేదాకా నిలుస్తుందా? 'భయాందోళన' అన్న పదాన్ని పత్రికలు శీర్షికలకెక్కించాయి. ఈ ఉదయం సంగతి మాత్రం లోపలి పుటలలోనే ఉండిపోయింది.