బొమ్మరిల్లు: నాన్న డిస్టింక్షన్, సిద్ధూ జస్ట్ పాస్

2006 నాటి 'బొమ్మరిల్లు' మళ్లీ చూశా. దర్శకుడిగా భాస్కర్‌కి అదే మొదటి సినిమా. ప్రకాష్‌రాజ్ నాన్న పాత్ర ఇప్పటికీ పక్కా. ఆయన చెడ్డోడు కాదు, ప్రేమతోనే ఊపిరాడనివ్వడు. అందుకే సిద్ధార్థ్ బరస్టయ్యే క్లైమాక్స్‌కి ఇవాళ్టికీ గొంతు పట్టేస్తుంది. చొక్కా రంగు నుంచి ఇంజినీరింగ్ బ్రాంచ్ దాకా మనకీ నాన్నలే కదా సెలెక్ట్ చేసింది!

కానీ ఒకటి గుచ్చుకుంది. ఇంట్లోవాళ్లకి నచ్చాలంటే హాసిని వారం రోజులు సిద్ధూ ఇంట్లో ఉండాలి. నవ్వినా తప్పే, మాట్లాడినా తప్పే. చివరికి తను తనలా ఉండలేక వెళ్లిపోతుంది. అబ్బాయిని కూడా వాళ్లింట్లో వారం ఉంచి చూడమనే మాట సినిమాలోనూ ఉంది. కాకపోతే అది వచ్చేసరికి శుభం కార్డు రెడీ! ఇప్పుడు రీమేక్ చేస్తే సెకండాఫ్ మొత్తం ఆ వారమే తీయాలి. ఏమంటారు?