ఏకకాలవాద ఖండనము

దేశమొక్కటి గనుక గడియారమును ఒక్కటే యుండవలెననియు, కాలమును విభజించుట దేశమును విభజించుటకు తొలిమెట్టగుననియు వాదించువారు మనలో పెక్కండ్రు కలరు. వారి దేశభక్తిని నేను శంకింపను. కాని వారి వాదము చరిత్రకును, సూర్యగతికిని గూడ విరుద్ధమని చెప్పక తప్పదు.

మీర్జాపురమునకును, మన కాకినాడకును చేరువగా పోవు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును ప్రమాణముగా గొని, గ్రీనిచ్ కాలమునకు అయిదున్నర గంటలు ముందుండునట్లు 1906 జనవరి 1 నుండి నేటి భారత ప్రామాణిక కాలమును ప్రవేశపెట్టినది ఆంగ్ల ప్రభుత్వము. కలకత్తా 1948 వరకును, బొంబాయి 1955 వరకును తమ స్థానిక కాలములను విడువలేదు. ఆ రెండు మహానగరములు వేర్వేరు గడియారములను చూచుకొనుచునే స్వాతంత్ర్య సమరమున నిలిచినవి. అందువలన జాతీయతకు లోపము వాటిల్లినదని యెవ్వరును అనలేదు.

గుజరాతు పడమటి కొసకును, అరుణాచలపు తూర్పు కొసకును నడుమ అంతరము ఇంచుమించు 29 డిగ్రీలు; డిగ్రీకి నాలుగు నిమిషముల చొప్పున దాదాపు రెండు గంటలు. లోహిత్ లోయలోని డోంగ్ గ్రామమున జూన్ మాసమందు నాలుగుంబావు ప్రాంతముననే సూర్యుడుదయించును. పదిగంటలకు కచేరీ తలుపులు తెరచునప్పటికి అయిదు గంటలకు పైబడిన పగలు వ్యర్థమైపోవును. డిసెంబరులో కోహిమాయందు నాలుగున్నర కాకమునుపే ప్రొద్దు గ్రుంకగా, గుమాస్తాలు దీపములు వెలిగించుకొని పనిచేయుదురు. గౌహతికి పడమరనున్న ఢాకా గడియారము గౌహతి గడియారమునకు అరగంట ముందు నడచుచుండుటకంటె విపరీతమేమున్నది?

ఈ బాధకు తాళలేకయే అస్సాము తేయాకు తోటలవారు ఒక గంట ముందుకు జరిపిన ‘చాయ్ బగాన్’ కాలమును ఆంగ్లేయుల నాటినుండియు పాటించుచున్నారు. తిథులను స్థానిక సూర్యోదయమునుండి గడియలలో గణించి, ఊరూరికి దేశాంతర సంస్కారము చేయు మన పంచాంగకర్తలకును కాలము స్థలమునుబట్టి మారునను సత్యము నూతనము కాదు.

ఇక దేశమున రెండు కాలములున్నచో రైళ్లు ఢీకొనునను భయము. జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రజ్ఞులు 2018లో ఈశాన్యమునకు గ్రీనిచ్‌కంటె ఆరున్నర గంటల ముందు కాలమును ప్రతిపాదించుచు, బెంగాలు అస్సాములు కలియు ఇరుకైన చోటనే సరిహద్దును నిర్ణయించిరి. అచ్చట దాటు రైలుమార్గములు స్వల్పము గనుక కాలపు మార్పును సులభముగా నిర్వహింపవచ్చును. రష్యా పదునొకండు, ఇండోనేషియా మూడు కాలమండలములను నడుపుకొనుచుండ, మనకది అసాధ్యమనుట ఆత్మవిశ్వాసహీనత.

సమైక్యత పేరిట ఒక ప్రాంతమువారి పగటిని హరించుట సమైక్యతకే హాని. ఈశాన్య రాష్ట్రములకు ప్రత్యేక కాలమును పార్లమెంటు వెంటనే శాసింపవలెను. ఆ కోర్కెకు మద్దతు పలుకుట తక్కిన రాష్ట్రములవారి కర్తవ్యము.