ఒంటరిగా లెక్కలు నేర్చుకునేవారికి మీరు బాకీపడ్డ పుస్తకం

గౌరవనీయులైన పాఠ్యపుస్తకాల అధికారి గారికి,

తెలుగు మీడియంలో పదో తరగతి పాసై, ఐటీఐ చేసి, పెద్దపల్లి జిల్లాలో షిఫ్టు డ్యూటీ చేసుకుంటూ ఇంటర్మీడియట్ లెక్కలు సొంతంగా నేర్చుకుంటున్న ఒక కార్మికుడిగా ఈ లేఖ రాస్తున్నాను. సారు లేకుండా చదువుకునేవారికి పనికొచ్చే పుస్తకం కావాలని మీకు అర్జీ పెట్టుకున్నాను, పరిశీలిస్తామన్నారు. ఆ తర్వాత విద్యా సంవత్సరం మారింది గానీ పుస్తకం మారలేదు. అందుకే ఇప్పుడు నలుగురూ వినేలా అడుగుతున్నాను: సారు లేనివాడు ఏ పుస్తకం పట్టుకుని పై లెక్కలు నేర్చుకోవాలి?

ఇంటర్ లెక్కల పుస్తకాలు 1ఏ, 1బీ, 2ఏ, 2బీ ఉన్నాయి కదా అని మీరు అనవచ్చు. ఉన్నాయి. వాటిలో నిర్వచనాలున్నాయి, సిద్ధాంతాలకు నిరూపణలున్నాయి, సాధించిన సమస్యలున్నాయి, అభ్యాసాలకు జవాబులున్నాయి. వాటిని రాసిన అధ్యాపకుల పాండిత్యం మీద నాకు గౌరవమే తప్ప అనుమానం లేదు. కానీ అవి తరగతిలో ఒకరు నిలబడి చెబుతారన్న భరోసాతో రాసిన పుస్తకాలు. పదో తరగతిలో అల్పకోణాల దగ్గర ఆగిన త్రికోణమితి 1ఏకి వచ్చేసరికి ఏ కోణానికైనా వర్తించేదిగా మారుతుంది. ఆ మధ్య ఉన్న అగాధాన్ని తరగతిలో సారు ఒక బొమ్మ గీసి దాటిస్తారు. వేగం, త్వరణం అంటూ ఫిజిక్సు మొదట్లోనే అవకలనం కావాల్సి వస్తుంది, 1బీలో అది చివరి అధ్యాయాల్లో ఉంటుంది. ముందు అవకలనం చదివి తర్వాత ఫిజిక్సుకు వెళ్లమని సారు చెబుతారు. 2ఏలోని డి మోయర్ సిద్ధాంతం చదవబోయే ముందు 1ఏలోని గణితానుగమనం ఒకసారి తిరగెయ్యమనీ ఆయనే గుర్తుచేస్తారు. ఒంటరిగా చదివేవాడికి ఈ మాటలు ఎవరు చెప్పాలి?

జవాబు తప్పుగా అచ్చయితే జరిగేది ఇంకా అన్యాయం. తరగతిలో సారు చాక్‌పీసుతో దిద్దేస్తే అరనిమిషంలో పోయే తప్పు, ఒంటరివాడి దగ్గర రోజుల తరబడి తిష్ట వేస్తుంది. అతను పుస్తకాన్ని అనుమానించడు, తన బుర్రనే అనుమానిస్తాడు. లెక్కలు నాకు రావని మానేసేవాళ్లలో ఎందరు నిజంగా లెక్క తప్పారో, ఎందరు అచ్చుతప్పుకు బలయ్యారో మీ దగ్గర ఏ రిజిస్టరూ చెప్పదు.

ఇక గైడ్లు. రెండు మార్కులవి, నాలుగు మార్కులవి, ఏడు మార్కులవి అని విడగొట్టి, ఇవి చదివితే గట్టెక్కుతారని చెబుతాయి. గట్టెక్కిస్తాయి కూడా. వాటిని కొనేవారిని నేను తప్పుపట్టను. కానీ గణితానుగమనంలో ఒకటికి సత్యమని చూపి, కెకు సత్యమనుకుని, కె ప్లస్ ఒకటికి సత్యమని రాసి మార్కులు తెచ్చుకున్న విద్యార్థిని, అలా రాస్తే సహజ సంఖ్యలన్నిటికీ ఎలా సత్యమవుతుందని అడిగి చూడండి. గైడు ఆ ప్రశ్న జోలికి వెళ్లదు, ఎందుకంటే పరీక్ష దాన్ని అడగదు.

మంచి పుస్తకాలు లోకంలో లేక కాదు. 1887 నాటి హాల్, నైట్‌ల హయ్యర్ ఆల్జీబ్రా, 1893 నాటి లోనీ త్రికోణమితి ఈనాటికీ అచ్చవుతూనే ఉన్నాయి. ఎన్‌సీఈఆర్‌టీ వారి 11, 12 తరగతుల గణితం ఇంగ్లిష్, హిందీ, ఉర్దూల్లో ఉచితంగా దొరుకుతుంది. తెలుగులో చదివినవాడు మాత్రం లెక్క దాకా వెళ్లకముందే భాష దగ్గర ఆగిపోతున్నాడు.

చదివే భాషలో పై లెక్కల పుస్తకాలు తేవడం మన గడ్డ మీద చేతకాని పని కాదని మీకు తెలుసు. 1917లో నిజాం ప్రభుత్వం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను పెట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం గణితం, సైన్సు గ్రంథాలను ఉర్దూలోకి తెప్పించింది. చదువు ఏ భాషలో చెబుతామంటే ఆ భాషలో పుస్తకం ఇవ్వడం పాలకుల విధి అని ఆ ప్రభుత్వం గుర్తించింది. 1968లో కాలేజీ చదువులకు తెలుగులో పుస్తకాలు తేవడానికి తెలుగు అకాడమీ ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షుడు పీవీ నరసింహారావు. ఆనాడు ఆయన మా మంథని ఎమ్మెల్యే. ఆ మంథని ఇప్పుడు మా పెద్దపల్లి జిల్లాలోనే ఉంది. తెలుగులో చదివినవాడికి పై చదువుల తలుపు మూయబోమన్న హామీ ఆ స్థాపనలోనే ఉంది. అది నెరవేరిందని మీరు గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా?

భాష ఒక్కటే కాదు, పుస్తకం తీరూ మారాలి. 1964లో సోవియట్ గణితవేత్త గెల్ఫాండ్, మాస్కోకు దూరాన ఉన్న పిల్లల కోసం ఉత్తరాల ద్వారా నడిచే లెక్కల బడి పెట్టారు. దాని కోసం విడిగా చిన్న చిన్న పుస్తకాలు రాశారు. పిల్లలు చేసి పంపిన లెక్కలను దిద్ది తిరిగి పంపారు. దగ్గర గురువు లేని విద్యార్థికి వేరే రకం పుస్తకం కావాలని వారు ఒప్పుకున్నారు. మీరూ ఆ మాట ఒప్పుకోవాలని నా విన్నపం.

నేను కోరేవి పెద్ద బడ్జెట్ పనులు కావు. ఏ అధ్యాయానికి ముందు ఏది చదవాలో చూపే ఒక పేజీ పట్టిక ప్రతి సంపుటిలో ఉండాలి. కష్టమైన అభ్యాసాలకు సూచనలు, పూర్తి సాధనలతో విడి పుస్తకం తెలుగులో రావాలి. పదో తరగతికీ ఇంటర్‌కూ మధ్య వారధిగా ఒక చిన్న పుస్తకం రావాలి. దొరికిన అచ్చుతప్పుల జాబితాను ఏటా అందరికీ తెలిసేలా ప్రకటించాలి.

ఇదంతా కొద్దిమంది కోసమని పక్కన పెట్టకండి. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్కల పోస్టు ఖాళీగా ఉన్న ఏడాది అక్కడ ఎంపీసీలో చేరిన పిల్లలందరూ నాలాంటివారే. అధ్యాపకుణ్ణి ఇవ్వలేని ప్రభుత్వం, అధ్యాపకుడు లేకుండా చదవగలిగే పుస్తకమైనా ఇవ్వాలి. రెండూ ఇవ్వకుండా ఫలితాల రోజున ఆ పిల్లల ఉత్తీర్ణత శాతాన్ని ఎత్తిచూపే హక్కు ఎవరికీ లేదు.

పరిశీలిస్తామన్న మాట నాకు మళ్లీ వద్దు. వీటిలో ఏది ఏ తేదీకి అందుతుందో బహిరంగంగా ప్రకటించండి. అచ్చుకు పంపే ముందు ఆ పుస్తకాన్ని సారు సాయం లేకుండా చదువుకుంటున్నవారి చేత చదివించి, వారు ఆగిన ప్రతి చోటా దిద్దండి. ఆ పనికి పిలిస్తే సెలవు పెట్టుకుని అయినా నేను వస్తాను.

ఇట్లు,
పెద్దపల్లి జిల్లా నుంచి
ఒక ఐటీఐ కార్మికుడు