ఇంటర్వ్యూ పోలేదు, గేటు మారినాది

ఇరవై ఏళ్లు దాటినాది. ఐటీఐ ఫిట్టర్ సర్టిఫికెట్ పట్టుకుని గాజువాక దగ్గర ఒక కంపెనీలో ఇంటర్వ్యూకి ఎల్లాను. బల్ల అవతల ముగ్గురు, బల్ల మీద వెర్నియర్ కాలిపర్. దాని లీస్ట్ కౌంట్ ఏటని అడిగినారు. 0.02 మిల్లీమీటర్లు అన్నాను. ఎలాగొచ్చిందో ఇంగ్లీషులో సెప్పమన్నారు. మెయిన్ స్కేల్ 49 గడులూ, వెర్నియర్ స్కేల్ 50 గడులూ ఒక్క పొడవు. గడికీ గడికీ తేడా 0.02. తెలుసు గాని ఇంగ్లీషులో నోరు తిరగలేదు. కాలిపర్ అందుకుని సూపించబోతే, అక్కర్లేదన్నారు. ఎన్ని మార్కులేసినారో ఈ రోజుకీ తెలీదు.

2015 ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధాని మోదీ, సిన్న ఉద్యోగాలకి ఇంటర్వ్యూలెందుకు అన్నారు. 2016 జనవరి 1 నుంచి కేంద్ర కొలువుల్లో గ్రూప్ సి, నాన్ గెజిటెడ్ గ్రూప్ బి పోస్టులకి ఇంటర్వ్యూ తీసేసినారు. పని చేయించి చూసే స్కిల్ టెస్ట్ ఉండొచ్చు, అదీ పాసా ఫెయిలా అంతవరకే. ఈ సర్కారుని నాను మెచ్చుకున్నది తక్కువ. ఇది మాత్రం మంచి పనే.

మరి ఆ కొలువులేవి తమ్ముడూ? ఉక్కు ఫ్యాక్టరీ కోసం 1966లో 32 మంది ప్రాణాలిచ్చినారు, ఊళ్లకి ఊళ్లు భూములిచ్చినాయి. 2021 జనవరిలో దాన్ని నూటికి నూరు శాతం అమ్మేస్తామని కేంద్రం తేల్చినాది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ అన్నారు. అదే ఏడు పర్మినెంటోళ్లకి వీఆర్‌ఎస్, కాంట్రాక్టు కూలోళ్ల తొలగింపులు, దాని మీద సమ్మె. ఇంక మన కుర్రోళ్లకి మిగిలింది కాంట్రాక్టరు గేటే. 2016 నాటి ఆ రూలు అక్కడికి రాదు.

టెక్నికల్ ప్రశ్నలే వద్దని అనను. కరిగిన ఉక్కు పక్కన పని తెలీనోడు ఒక్కడుంటే నలుగురి ప్రాణం మీదికొస్తాది. అడగండి, తెలుగులో అడగండి. ఇనప ముక్కా ఆకురాయీ చేతికిచ్చి, గంట టైమిచ్చి, కొలిచి మార్కులెయ్యండి. ఆ మార్కుల కాయితం కుర్రోడి చేతికివ్వండి. కాంట్రాక్టు కూలీల కోసం కొట్లాడే యూనియన్లు జీతం, పీఎఫ్ గురించి అడుగుతున్నాయి, అడగాల్సిందే. ఈ కాయితం గురించి కూడా అడగాల.

మొన్న మా ఊరి కుర్రోడొకడు ఇలాంటి ఇంటర్వ్యూకే ఎల్లి వొచ్చినాడు. "అన్నా, నాను ఎక్కడ తప్పినానో ఎవుల్ని అడగాల?" అన్నాడు. అడిగినవన్నీ మర్చిపోకముందే రాసుకోరా అన్నాను. నోటుబుక్కులో ఆరు ప్రశ్నలు రాసినాడు. బేరింగు షాఫ్ట్ మీదికి ఎలా ఎక్కిస్తావు? నూనెలో వేడి చేసి, అని సెప్పినాడంట. సరైన జవాబే. మైక్రోమీటరు గురించి రెండు, గ్యాస్ కటింగు గురించి ఒకటి, వెల్డింగు గుర్తుల గురించి ఒకటి. అన్నిటికీ సెప్పినాడు.

ఆరోది: "మీ నాన్న సమ్మెకెల్లాడా?"